ఉప్పు చెయ్యి, నీళ్ళ బకెట్టు

గుండె జబ్బు వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. వాళ్ళు పదిమందిలో కూర్చుని ఛాతీ మీద చెయ్యి వేసుకుని గొప్పగా చెప్పుకుంటారు. చక్కెర జబ్బు వాళ్ళయితే పెళ్ళి బంతిలో "నాకు స్వీటు వద్దండీ" అని అందరికీ వినపడేలా అంటారు, అదేదో పదవిలాగా. నా జబ్బు అలా చెప్పుకునేది కాదు. నాది విరేచనాల జబ్బు. పెద్దపేగు లోపల పుళ్ళు పడతాయి, మానతాయి, మళ్ళీ రేగుతాయి. ఏళ్ళ తరబడి ఇదే వరస. సిగ్గుపడి దాచుకునే కదా నాలాంటి ఆడవాళ్ళు చీకటి పడేదాకా బిగపట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఎండిపోయేది. అందుకని నేను సిగ్గుపడదలచుకోలేదు.

ఇప్పుడు కుదుటపడ్డాను కాబట్టి రాస్తున్నాను. నాకు చదువు యాభై దాటాక వచ్చింది. ఒక్కో అక్షరం కాకరకాయంత ఉంటుంది, పేజీ తొందరగా అయిపోతుంది. జబ్బుతో పాటు నన్ను ఇంకొకటి కూడా పట్టుకుంది. మా ఆయన నన్ను వదిలేస్తాడన్న భయం. రెంటిలో ఏది ఎక్కువ ఏడిపించిందంటే రెండోదే. మొదటిదానికి మాత్రలైనా ఉన్నాయి.

మా ఆయన పేరు సూర్రావు. రావులపాలెం చుట్టుపక్కల వంట సూర్రావు అంటే తెలియనివాళ్ళు తక్కువ. పెళ్ళిళ్ళకూ, వ్రతాలకూ, గృహప్రవేశాలకూ వండుతాడు. ఆయనకు పని నేర్పిన మేస్త్రి ఒక నియమం పెట్టి పోయాడు. వండేవాడు రుచి చూడకూడదు. దేవుడికి నైవేద్యం పెట్టి మొదటి బంతి లేచేదాకా నాలుక మీద చుక్క వెయ్యకూడదు. అంతా ముక్కూ, చేతి అంచనానే. మా ఆయన ముక్కు గొప్పది. పులుసు ఆవిరి పీల్చి చింతపండు చాలిందో లేదో చెప్పేవాడు. కానీ ఆయన చేతికి చెమట. గాడిపొయ్యి అని నేలలో బారుగా తవ్వి, దాని మీద గుండిగలు వరసగా ఎక్కిస్తారు. ఆ సెగ ముందు నిలబడితే ఆయనకు మోచేతుల నుంచి ధార కట్టేది. తడి చేతికి ఉప్పు అంటుకుంటే కొలత తప్పుతుంది. అందుకని ఉప్పు నేను వేసేదాన్ని. నాది పొడి చెయ్యి. గుండిగ వైపు ఒకసారి చూసి, దోసిట్లో కల్లుప్పు తీసి, చుట్టూ తిప్పుతూ జల్లేదాన్ని. బంతిలో కూర్చున్నవాళ్ళు ఉప్పు అడిగిన పాపాన పోలేదు. "సూర్రావు వంటండీ, తిరుగులేదు" అనేవారు. ఆ ఉప్పు నాదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. కొందరు మొగుడూ పెళ్ళాలకు సినిమాలుంటాయి, షికార్లుంటాయి. మాకు ఆ ఉప్పు ఉండేది.

*

కోనసీమ కొబ్బరిచెట్లను పడుకోబెట్టిన పెద్ద తుఫాను వచ్చింది కదా, దానికి ముందు ఏడాది మాఘమాసంలో మొదలైంది. ఒక పెళ్ళిలో పనసపొట్టు కొడుతూ కొడుతూ కత్తి వదిలేసి పరిగెత్తాను. తిన్నది పడలేదనుకున్నాను. వారం, నెల, ఆరు నెలలు. జిగట, రక్తం, పొత్తికడుపులో తడిబట్ట పిండుతున్నట్టు నొప్పి. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారి మాత్రలకు తగ్గేది, ఆపితే మళ్ళీ వచ్చేది. ఒకరు దానిమ్మ తొక్క అన్నారు, ఒకరు మారేడు గుజ్జు అన్నారు, ఒకావిడ దిష్టి అంది. వాళ్ళంతా నాకు సలహా చెప్పి, ఇంటికెళ్ళి మాగాయ కలుపుకుని అన్నం తిన్నవాళ్ళే. వాళ్ళ కంచాల మీద నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో చెప్పలేను. వీధరుగు మీద కూర్చుని జంతికలు నమిలే పిల్లలను చూసినా కుళ్ళే.

పెళ్ళి పందిళ్ళ దగ్గర దొడ్లు ఎక్కడుంటాయి? పొలం గట్లే గతి. రెండుసార్లు చీర పాడయింది. ఆ తర్వాత నేనే రానన్నాను.

"నువ్వు రాకపోతే ఉప్పెవరేత్తారే?" అన్నాడు మా ఆయన.

"చెయ్యి తుడుచుకుని మీరే వేసుకోండి."

"సరేలే" అన్నాడు.

ఇంకొంచెం బతిమాలతాడనుకున్నాను. బతిమాలలేదు. ఆ "సరేలే" నా కడుపులో ముల్లులా దిగింది.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మకు ఉబ్బసం. నా చిన్నప్పుడు ఒక పొద్దున్న మా నాన్న చెంబు పట్టుకుని కాలవ గట్టు వైపు వెళ్ళాడు. చెంబు దొరికింది. నాన్న దొరకలేదు. తర్వాత ఎప్పటికో ఏలూరులో ఎవరితోనో కాపురం పెట్టాడని తెలిసింది. ఆవిడకు దగ్గు లేదట. అమ్మ ఆ చెంబును పారెయ్యకుండా తోమి అటక మీద పెట్టింది. జబ్బు పెళ్ళాన్ని ఏ మగాడూ ఎంతో కాలం మొయ్యడని నేను అప్పుడే నేర్చుకున్నాను. బళ్ళో నేర్చుకున్నవి మరచిపోతాం గాని ఇలాంటివి మరచిపోం.

తుఫాను కొట్టి వెలుస్తున్న పొద్దున మా దొడ్డి తడికలు లేవు, చుట్టుపక్కల ఒక్క గోడా లేదు. ఊరంతా స్కూలు వరండాలో ఉంది. నాకు ఆగలేదు. మా ఆయన వంటకు వాడే పెద్ద పరదా తెచ్చి, నా చుట్టూ తిప్పి, రెండు కొసలూ తన చేతుల్లో పట్టుకుని, మొహం అటు తిప్పి నిలబడ్డాడు. వాన ఇంకా కురుస్తూనే ఉంది. నా పని అయ్యేదాకా చేతులు దించలేదు. ఇంకొకావిడయితే ఆ వీపుకు దండం పెట్టేది. నేనేమో ఆ వీపు చూస్తూ, ఇలా ఇంకెన్నాళ్ళు నిలబడతాడులే అనుకున్నాను.

*

మరుసటి వేసవిలో రాజమండ్రిలో పెద్ద డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆసుపత్రి హాల్లో బెంచీలు, ఒక ఫ్యాను, దాని కింద చోటు కోసం పోటీ. మాకు ఎదురుగా కొత్తగా పెళ్ళయిన జంట. ఆ అమ్మాయికి ఏదో నొప్పి. కుర్రాడు ఎక్స్‌రే కవరుతో విసురుతున్నాడు, ఆ పిల్ల తల వాడి భుజం మీద. నాకు జబ్బు తగ్గినా తగ్గకపోయినా ఆ విసనకర్ర నాకు కావాలనిపించింది.

మా ఆయన నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి ఎటో మాయమయ్యాడు. కాసేపటికి వచ్చి, "లే, ఆ చివరకి పోదాం" అన్నాడు. ఆ చివర గాలి లేదు, ఫినాయిలు వాసన. దొడ్డి తలుపు పక్కనే బెంచీ. నాకు తల కొట్టేసినట్టయింది. నా వాసన నలుగురికీ తగలకూడదని, నేను తన మనిషినని ఎవరికీ తెలియకూడదని అలా తీసుకొచ్చాడనుకున్నాను. ఎన్నిసార్లు వెళ్ళినా అంతే, ముందు మాయమవడం, తర్వాత ఆ చివరి బెంచీ. అక్కడ తుడిచే ఆయా ఒకావిడ నన్ను చూడగానే బెంచీ మీద తన చీపురు పెట్టి చోటు ఆపేది. ఆవిడ పేరు కూడా నేనడగలేదు. ఆవిడకు ఏ జబ్బూ లేదు కదా అని ఆవిడ మీద కూడా కుళ్ళే.

గొట్టం పెట్టి చూశారు. దాని గురించి రాయను, పగవాళ్ళకు కూడా వద్దు. డాక్టరుగారు మంచాయన. "ఇది పూర్తిగా పోయే జబ్బు కాదమ్మా. మచ్చిక చేసుకోవాలి" అన్నారు.

మా ఆయన చేతులు కట్టుకుని అడిగాడు. "ఆవిడేం తినచ్చండి? నేను వంటోణ్ణండి. మీరేది చెబితే అది వండిపెడతానండి."

"వండటం కాదండీ, మానిపించాలి. కారం, చింతపండు, వేపుళ్ళు వద్దు. ఈ మందుకు ఒళ్ళు నీరు పడుతుంది, ఉప్పు కూడా బాగా తగ్గించండి."

"ఉప్పు కూడానా అండి?" అన్నాడు. అని నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. అప్పుడు మాత్రం, దీనితో ఇంక పని లేదనుకున్న చూపనుకున్నాను.

మందులకు నా మొహం బూరెలా పొంగింది. తల వెంట్రుకలు దువ్వెనకే వచ్చేసేవి. అద్దంలో చూసుకుంటే ఎవరో పొరుగూరి మనిషి. ఇంట్లో ఉన్న రోజుల్లో వంట ఆయనే చేసేవాడు. మెత్తటి అన్నం, పెసరకట్టు, సొరకాయ ఉడకబెట్టింది, సగ్గుబియ్యం జావ. నా ఎదురుగా కూర్చుని తనూ అదే తినేవాడు.

"మీకు వేరే చేసుకోవచ్చు కదా?"

"ఇద్దరికి రెండు వంటలేంటే? ఊళ్ళో వండేది చాలదా?"

నేను నమ్మలేదు. పెళ్ళిళ్ళలో పొట్ట నిండా లాగించి వచ్చి, ఇంట్లో నాకు తోడున్నట్టు నాటకం ఆడుతున్నాడనుకున్నాను. ఇంకొకటి కూడా కనిపెట్టాను. పూర్వం ఏ పెళ్ళి నుంచి వచ్చినా కాళ్ళు కడుక్కోకముందే మొదలెట్టేవాడు, పులుసు ఎవరు మెచ్చుకున్నారు, బూరెలు ఎవరు జేబులో వేసుకున్నారు అని. ఇప్పుడు వచ్చి, చొక్కా వంకెకు తగిలించి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మాటలు అయిపోయిన మగాడు ఎక్కడో ఇంకోచోట మాట్లాడుతున్నాడని అర్థం. నాకు తెలిసిన శాస్త్రం అది.

*

తుఫాను అయిన రెండు మూడేళ్ళకు మా ఊళ్ళో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. పలక, బలపం ఇచ్చారు. వెళ్ళాను. బడి ఆవరణలో దొడ్డి ఉంది, అది కూడా ఒక కారణం. పాఠం చెప్పే అమ్మాయి నా మనవరాలంత ఉండేది. "మామ్మగారూ, ఎందుకు నేర్చుకుంటున్నారు?" అని అడిగింది. బస్సు బోర్డు చదవడానికన్నాను. నేను కూడబలుక్కోకుండా చదివిన మొదటి మాట మాత్రం "స్త్రీలు". ఆసుపత్రిలో ఆ చివరి బెంచీ పక్క తలుపు మీద ఉంది.

ఆ రోజుల్లోనే పక్కింటి రత్నం ఒక గృహప్రవేశానికి వెళ్ళొచ్చి, మా వాకిట్లో నిలబడి కబురు చెప్పింది.

"ఒదినా, అన్నయ్యగారికి ఉప్పేసే మనిషి దొరికిందిగా!"

"ఎవరే?"

"ఎవరో మంగతాయారంట. కొవ్వూరు వైపు మనిషంట. మొగుడు పోయాడంట పాపం. పచ్చగా, బొద్దుగా ఎంత బావుందో! పెరుగన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుక్కు తింటంది ఒదినా, చూత్తుంటేనే ముచ్చటేసింది."

"నీకెందుకే ముచ్చట? నీ మొగుడి పక్కన నిలబెట్టుకో" అన్నాను. రత్నం నెల రోజులు మా గుమ్మం తొక్కలేదు.

ఆ సాయంత్రం మా ఆయన రాగానే అడిగాను, మామూలుగా అడిగినట్టు. "ఈ మధ్య ఉప్పు ఎవరు వేస్తున్నారు?"

ఆయన చెంబెత్తి నీళ్ళు తాగాడు. మెల్లగా తాగాడు. "ఎవరేత్తారు, నేనేలే."

అదీ దెబ్బ. ఆ మనిషి ఉండటం కాదు, లేదనడం. ఏమీ లేకపోతే దాచడం దేనికి? ఆ రోజు నుంచి నాకు పేగులో ఎన్ని పుళ్ళున్నాయో బుర్రలోనూ అన్ని. ఆయన పనికి వెళ్ళిన రోజు జబ్బు రేగేది, వచ్చాక సద్దుమణిగేది. ముహూర్తాల నెలల్లో మంచం దిగలేకపోయేదాన్ని. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగితే నాకు ఒళ్ళు చేసేది. ఇంకొకళ్ళకు పెళ్ళి కాకూడదని కోరుకున్న ఆడది ఎక్కడైనా ఉంటే అది నేనే.

మా అమ్మాయి దుర్గను జంగారెడ్డిగూడెం ఇచ్చాం. నన్ను చూడటానికి వచ్చి నా మాటలు విని నెత్తి కొట్టుకుంది.

"అమ్మా, నాన్నకి మనవలున్నారే!"

"ఉంటే? వాళ్ళేమైనా కాళ్ళకి అడ్డం పడుకుంటారా?"

"తాత చేసిందానికి నాన్నని కొడతావేంటి? నువ్విలా సాధిత్తా ఉంటే నిజంగానే ఎటైనా పోతాడు."

"చూశావా? నువ్వూ అదే అంటున్నావు, పోతాడని."

అది ఏడుస్తూ బస్సెక్కింది. వెనక్కి పిలవలేదు. అది వీధి మలుపు తిరిగేదాకా చూసి, దాని నడక ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. కన్నకూతురి కడుపు మీద కూడా కుళ్ళుకున్నాను, రాయడానికే ఎలాగో ఉంది.

డాక్టరుగారు కూడా కనిపెట్టారు. "మందులు సరిగ్గానే పడుతున్నాయి. మరి ఎందుకు రేగుతోంది? మనసులో ఏదైనా ఉందా అమ్మా?"

"మనసులో కాదండి. కొవ్వూరులో ఉంది" అన్నాను.

డాక్టరుగారికి అర్థం కాలేదు. పక్కనున్న మా ఆయనకు పొలమారింది. దారిలో బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని. అలా ఏళ్ళు గడిచాయి. ఒకే చప్పిడి కూడు తింటూ, ఒకళ్ళనొకళ్ళు అడక్కుండా.

*

పుష్కరాలు అయిపోయిన మరుసటి వేసవి. పట్టిసీమలో పెళ్ళి వంట ఒప్పుకున్నాడు. వెళ్తూ నా మాత్రలు గూట్లో వరసగా పెట్టి, "రెండ్రోజుల్లో వచ్చేత్తాను" అన్నాడు. వీధి చివరదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మరచిపోయిన చెంబు తీసుకుని మళ్ళీ వెళ్ళాడు.

ఆ చెంబు. ఆయన చేతిలో చెంబు చూడగానే నాకు కాలవ గట్టు గుర్తొచ్చింది. వస్తే వచ్చాడు, రాకపోతే లేదని ఇంట్లో కూర్చోవడం మా అమ్మ చేసింది. నేను చెయ్యదలచుకోలేదు. కళ్ళతో చూసేస్తాను, తేల్చేసుకుంటానని నిశ్చయించుకున్నాను.

ఈ జబ్బు ఉన్నవాళ్ళకు తెలుసు, బస్సు అంటే ఏమిటో. ఏళ్ళ తరబడి ఆసుపత్రికి తప్ప నేను ఊరు దాటలేదు, అదీ ఆయన పక్కన ఉంటేనే. ఆ రోజంతా పల్చటి మజ్జిగ తప్ప ఏమీ తీసుకోలేదు. మర్నాడు ముదురు రంగు చీర కట్టుకుని, ఇంకొకటి సంచీలో పెట్టుకుని బయల్దేరాను. రాజమండ్రి బస్టాండులో ఎవర్నీ అడగలేదు. పట్టిసీమ మీదుగా పోయే బస్సు బోర్డు చూసి "పో-ల-వ-రం" అని చదువుకుని ఎక్కాను. చదువు ఎందుకు నేర్చుకున్నావే అంటే మొగుణ్ణి పట్టుకోవడానికి.

గోదావరి దాటాం, కొవ్వూరు దాటాం. కిటికీలోంచి కనిపించిన ప్రతి బొద్దు మనిషినీ మంగతాయారేమో అనుకుని చూశాను. తాళ్ళపూడి దాటాక కడుపులో మెలి తిరిగింది. చెమటలు పట్టాయి.

"ఆపండి బాబూ, ఆపండి!"

"ఇక్కడ స్టాపు లేదమ్మా" అన్నాడు కండక్టరు.

పక్క సీట్లో మామిడికాయల బుట్టతో ఉన్నావిడ లేచి అరిచింది. "స్టాపు సంగతి తర్వాత చూద్దువుగాని, ముందావిడ మొహం చూడవయ్యా!"

బస్సు ఆగింది. రోడ్డు పక్క ఇంటి ముందు ఒకావిడ మిరపకాయలు ఎండబోస్తోంది. నేను నోరు తెరిచానంతే. ఆవిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, తలుపు తీసి, నీళ్ళు పెట్టి, "నెమ్మదిగా రండి" అంది. బయటికి వచ్చాక గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. "ఉప్పు వెయ్యమంటారా?" అని అడిగింది. వద్దన్నాను.

బస్సు వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. అక్కడే ఉంది. కండక్టరు కింద నిలబడి, "తొందరేం లేదు, రండి మామ్మగారూ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంత చేస్తుంటే, ఇంట్లోవాడు ఇంకొకత్తె పక్కన ఉన్నాడే అని.

*

పెళ్ళి జరిగే సత్రం గోదావరి ఒడ్డునే. పెరట్లో గాడిపొయ్యి, గుండిగలు, పొగ. గోడకు ఆనించిన అరటిగెలల వెనక నిలబడి చూశాను.

మంగతాయారును గుర్తుపట్టడానికి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పు బేసిను చేత్తో పట్టుకుని పప్పు గుండిగ దగ్గర ఉంది. నేను ముందు ఆమె మొహం చూడలేదు, పొట్ట చూశాను. నిబ్బరంగా, ఏ బాధా లేని పొట్ట. దోసిట్లో ఉప్పు తీసి చుట్టూ తిప్పుతూ జల్లింది. అచ్చం నాలాగే. ఆ తిప్పడం ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఇద్దరూ ఒకే మంచం మీద కనబడినా నాకు అంత మండేది కాదు.

"మేస్త్రిగారూ, ఎవరో మామ్మగారు వచ్చారండి" అని ఎవరో అరిచారు.

ఆయన వెనక్కి తిరిగాడు. నేను అనవలసినవన్నీ దారి పొడవునా వరసగా పేర్చుకున్నాను. మా అమ్మ చెంబు దగ్గర నుంచి మొదలెట్టాలనుకున్నాను. ఆయన గరిటె పడేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఎందుకొచ్చావనలేదు, ఎలా వచ్చావనలేదు.

"అటు కాదు. ఇటు, ఇటు రా" అని రెక్క పట్టుకుని సత్రం వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక దొడ్డి. తలుపు సరిగ్గా పడదని కాబోలు, అడ్డంగా పాత చీర కట్టి ఉంది. లోపల కడిగి ఉంది. నిండుగా బకెట్టు, దాని మీద మూత, మూత మీద చెంబు. ఇంటి దగ్గర ఆయన వెనక్కి వచ్చి తీసుకెళ్ళిన చెంబు.

"ముందు వెళ్ళు. తర్వాత తిడుదువుగాని" అన్నాడు.

నాకు ఆ క్షణంలో అవసరం లేదు. అయినా వెళ్ళి కూర్చున్నాను. ఎక్కడో గరిటె చప్పుడు, గోదావరి గాలికి ఆ చీర కుచ్చిళ్ళు ఊగుతున్నాయి. అది నా చీరే, బాగా పాతది.

బయట నుంచి గొంతు వినిపించింది. "పిన్నిగారూ, నీళ్ళు సరిపోయినాయాండి?"

"నిన్నెవరు రమ్మన్నారు?"

"బాబాయిగారే నించోమన్నారండి, ఇటెవరూ రాకుండా."

బాబాయి అనగానే కరిగిపోయే రకం కాదు నేను. పిలుపుదేముంది. చీర అవతల ఆమె, ఇవతల నేను. "ఎవరి కోసం ఈ బకెట్టు?" అన్నాను.

"మీ కోసమేనండి. ఏ ఊరెళ్ళినా గాడి తవ్వించకముందు దొడ్డి ఎక్కడుందో చూత్తారు. కడిగిత్తారు, నీళ్ళెట్టిత్తారు. మావోళ్ళంతా నవ్వుతారండి, మేస్త్రిగారి మొదటి పూజ దొడ్డికే అని. 'మా వెంకాయమ్మ వత్తే' అంటారు. ఇన్నేళ్ళలో మీరెప్పుడూ రాలేదండి. బకెట్టు మాత్రం నింపుతానే ఉన్నారు."

రాజమండ్రి ఆసుపత్రి చివరి బెంచీ నా కళ్ళ ముందుకొచ్చింది. ముందు మాయమై, తర్వాత వచ్చి "ఆ చివరకి పోదాం" అనడం. అయినా నా నోరు ఊరుకోదు.

"మరి ఉప్పు నీ చేతికెలా వచ్చింది?"

"ఆయనకి తెలీట్లేదండి. ఉప్పు, కారం రెండూను. ఇంట్లో పత్యం వండీ, పత్యం తినీ చెయ్యి చప్పబడిపోయిందంటారు. ఇక్కడైనా మా కూరలు ముట్టరండి, పెరుగన్నమే. ఓసారి ఆడపెళ్ళివారి పెద్దాయన బంతి మధ్యలో పిలిచి, 'ఇది పెళ్ళి భోజనమా, బాలింత పత్యమా?' అని నలుగురిలో అడిగేశాడంట. మూడు నాలుగు చోట్ల అలాగే అయిందంట. అప్పుడు నన్ను పెట్టుకున్నారండి."

బయటికి వచ్చాను. మా ఆయన పొయ్యి దగ్గర తల వంచుకుని మంట ఎగదోస్తున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ జబ్బు నా చేతిని కూడా మింగేసిందని ఏడుత్తావని."

"ఏడవను. తంతాను. నేనేమనుకున్నానో తెలుసా ఇన్నాళ్ళూ?"

"తెలుసు. దుర్గ చెప్పింది. డాక్టరుగారి దగ్గర నువ్వే చెప్పావు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"కాదంటే నమ్ముతావా నువ్వు?" అన్నాడు.

నమ్మేదాన్ని కాదు. నా వెనకే వచ్చి మళ్ళీ ఉప్పు బేసిను అందుకున్న మంగతాయారు చేతిలోంచి దాన్ని లాక్కున్నాను. "ఈ ముక్కల పులుసుకు నేను వేస్తాను" అన్నాను. ఆమె మా ఆయన వైపు చూసింది. ఆయన "వెయ్యనీ" అన్నాడు. దోసిలి పట్టి, చుట్టూ తిప్పి జల్లాను. చెయ్యి మరచిపోలేదనుకున్నాను. మంగతాయారు పులుసు వైపు ఒకసారి, నా దోసిలి వైపు ఒకసారి చూసింది.

మొదటి బంతి కూర్చుంది. పులుసు వడ్డించారు. కాసేపటికి ఆ చివర నుంచి వినిపించింది. "ఉప్పండీ! కొంచెం ఉప్పు పట్రండి ఇటు!" తర్వాత ఈ చివర నుంచి.

చప్పిడి తిన్నది ఆయన ఒక్కడే కాదు కదా. నా చెయ్యీ పోయింది.

మంగతాయారు మిగిలిన పులుసు దగ్గర నిలబడి నన్ను అడిగింది. "ఇంకాస్త వెయ్యనాండి పిన్నిగారూ?" నవ్వలేదు, వెక్కిరించలేదు. వెక్కిరించి ఉంటే బాగుండేది. "వెయ్యి" అన్నాను. ఆ ఒక్క మాట అనడం, గొట్టం పెట్టించుకోవడం కంటే కష్టమైంది.

*

ఆ తర్వాత జబ్బు పోయిందని రాస్తే అబద్ధం. ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు రేగుతుంది. కానీ ముహూర్తాలకూ దానికీ సంబంధం తెగిపోయింది. దుర్గ వచ్చి వెళ్తూ ఉంటుంది, బస్సెక్కేటప్పుడు నవ్వుతూ ఎక్కుతుంది. మందులు తగ్గించారు, మొహం మళ్ళీ నాదయింది. నాలాంటి జబ్బున్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మాత్రలు మానకండి, నోరు మూసుకోకండి. దారిలో ఎవరి తలుపైనా కొట్టండి, తీస్తారు. ఇంట్లోవాళ్ళ మీద అనుమానం వస్తే మాత్రం ఏళ్ళ తరబడి నానబెట్టకండి, వెళ్ళి చూసేయండి.

ఒంట్లో బాగున్నప్పుడు నేను కూడా వంటలకు వెళ్తున్నాను. కూరగాయల దగ్గర పీట వేసుకుని కూర్చుంటాను. ఉప్పు మంగతాయారే వేస్తుంది. ఆమె మంచిదే, నేను కాదనను. నాకు పడదు, అంతే. పచ్చిమిరపకాయ కొరికినప్పుడల్లా నాకు పడదు.

మొన్న రావులపాలెంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. దిగగానే అలవాటుగా దొడ్డి వైపు వెళ్ళాను. కడిగి ఉంది, బకెట్టు నిండుగా ఉంది. నాకు తృప్తిగా అనిపించింది. ఇంతలో మంగతాయారు వెనక నుంచి వచ్చి, "బాబాయిగారు సరుకు దింపుకుంటున్నారని నేనే నింపేశానండి పిన్నిగారూ" అంది.

బకెట్టును కాలితో ఒరగదోసి, నీళ్ళన్నీ పారబోశాను. తర్వాత వాకిట్లోకి వెళ్ళి, బియ్యం బస్తాల దగ్గరున్న మా ఆయన్ని కేకేశాను.

"ఏవండీ! ఇక్కడ బకెట్టు ఖాళీగా ఉంది!"

ఆయన బస్తా దించి, చేతులు దులుపుకుని వచ్చి, నింపాడు.